పగుళ్ల కంచాలు

ఇన్నేళ్లలో నా కొట్టులో సరుకు కదలకపోవడానికి మూడే కారణాలు చూశాను. ధర ఎక్కువ కావడం, రంగు నచ్చకపోవడం, అదే వస్తువు ఎదుటి కొట్టులో కూడా దొరకడం. మా అమ్మాయి హైమ నాలుగోది కనిపెట్టింది: కొత్త వస్తువు పగిలిపోయినట్టు కనిపించడం.

రాజమండ్రిలో గోకవరం బస్టాండు దగ్గర మాది ఇంటి సామాన్ల కొట్టు. హైమ డిజైన్ కోర్సు చదివి వచ్చి, బాతిక్ అద్దకాన్ని మెలమైన్ కంచాల మీదికి తెస్తానంది. ఆ అద్దకం సంగతి నాకు మా వంటింట్లోనే తెలిసింది. గుడ్డ మీద కరిగించిన మైనంతో బొమ్మ వేస్తారు. ఆరాక నలిపి రంగులో ముంచుతారు. మైనం పగిలిన చోటల్లా రంగు సన్నటి గీతలుగా గుడ్డలోకి దిగుతుంది. తరవాత వేడినీళ్లలో మైనం వదిలిస్తే బొమ్మ, గీతలు మిగులుతాయి. మా ఆవిడ పప్పు గిన్నె ఆ మైనానికే బలైంది. అలా వేసిన చేపల్ని, తామర తీగల్ని హైమ ఫోటో తీసి కంచాల మీద అచ్చు వేయించింది, గీతలతో సహా.

నిజం చెప్పాలంటే బాగున్నాయి. అందుకే కొట్టులో ముందు వరస ఖాళీ చేసి ఇచ్చాను. కొనేవాళ్లే లేరు. వచ్చినవాళ్లు కంచం తీస్తారు, వెలుతురులో తిప్పి చూస్తారు, గోటితో గీస్తారు, వేలితో కొట్టి చప్పుడు వింటారు, ఉన్నచోటే పెట్టేస్తారు. పగిలిన కంచంలో అన్నం ఎవరు తింటారు? ఇవి పగల్లేదని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఇంతలో ఒకరోజు పొద్దున, రెండో విడత అచ్చుకు సాయంత్రంలోగా మాట చెప్పమని కార్ఖానా నుంచి ఫోను.

“ఆ గీతలు తీసేద్దామమ్మా. కంప్యూటర్లో ఎంతసేపు పని?” అన్నాను.

“గీతలు తీసేస్తే అది బాతిక్ కాదు నాన్నా, స్టిక్కరు. అలా వేయిస్తే ఇంక నా బొమ్మ ఒక్కటి కూడా ఇవ్వను. ఉద్యోగం చూసుకుని పోతాను.”

అన్నదంటే చేస్తుంది. ఆ మొండితనం వాళ్లమ్మది.

మధ్యాహ్నం టెంట్ హౌస్ తాతాజీ వచ్చి కంచాలు చూసి తెగ సంబరపడ్డాడు. “ఆయ్, ఇవన్నీ నాకు పడేయండి బాబాయ్ గారూ. ముందే పగిలినట్టున్నాయి కదా, రేపు పెళ్లిళ్లలో నిజంగా పగిలినా ఎవడికీ తెలీదు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో హైమ లోపలినుంచి వచ్చింది.

“పగిలినవాటిలో జనానికి అన్నం పెడతారా? మీకు అమ్మనండి.”

“అమ్మేది మీరా, మీ అమ్మాయా బాబాయ్ గారూ?” అన్నాడు తాతాజీ.

ఆ సంగతి నాకూ ఎవరైనా చెబితే బాగుండును. అతను స్టీలు గరిటెలు మాత్రం కొనుక్కుని వెళ్లిపోయాడు.

తరవాత ద్రాక్షారామం నుంచి పాపాయమ్మ గారు దిగారు. మా నాన్న నాటి నుంచి ఖాతాదారు. మనవరాలి గృహప్రవేశానికి వచ్చే ముత్తైదువలకు ఇవ్వడానికని, హైమ ఫోనులో పంపిన బొమ్మ చూసి ఈ కంచాలే కావాలని ముందే చెప్పారు. ఫోనులో గీతలు ఆవిడ కంటికి ఆనలేదు. ఇప్పుడు ఆనాయి.

“ఏంటండీ భాస్కరం గారూ! కొత్తింట్లో పసుపూ కుంకుమతో పగిలిన కంచాలు పంచమంటారా?”

“పగల్లేదండి, అది డిజైను.”

“పగిలినట్టుండడం డిజైనేంటండీ? మా ఇంట్లో అలాంటివి బోలెడున్నాయి, పట్టుకొస్తాను, కొనుక్కుంటారా?”

హైమ కంచాన్ని బల్లకేసి కొట్టి చూపించింది. పగల్లేదు. “గట్టిదేనమ్మా, కాదన్లేదు. చూసేవాళ్ల కళ్లకు ఏం చెప్పను?” అంటూ పాపాయమ్మ గారు కంచాలను పక్కకు నెట్టేశారు. వాటి అడుగున హైమ అందం కోసం పరిచిన గుడ్డ బయటపడింది. మైనంతో వేసిన అసలు గుడ్డ అదే. ఆవిడ చెయ్యి దాని మీద ఆగిపోయింది.

“ఇదెక్కడిదే పిల్లా? ఈ సన్నగీతలు ఎంత ముద్దుగా ఉన్నాయో!”

“కంచం మీద ఉన్నవి ఈ గీతలేనండీ!” హైమ దాదాపు ఏడ్చినంత పని చేసింది.

“ఏడిశావులే. గుడ్డ ఎక్కడైనా పగులుతుందా?”

ఇన్నాళ్లూ తలబద్దలు కొట్టుకున్నది ఈ ముక్క కోసమా అనిపించింది. పగిలే వస్తువు మీద గీత ఉంటే చూసేవాళ్లు భయపడతారు. పగలని వస్తువు మీద అదే గీతను ముద్దుచేస్తారు. తప్పు గీతలది కాదు, వాటిని ఎక్కించిన వస్తువుది. ఎక్కించమని డబ్బు పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

“ఈ బొమ్మే ప్లాస్టిక్ టేబుల్ కవరు మీద వేయించి ఇస్తే తీసుకుంటారా అండీ? తడిగుడ్డతో తుడుచుకోవచ్చు,” అన్నాను.

“గీతలున్నాయి కాబట్టి పులుసు మరకలు కూడా కనపడవు. వేయించండి. ముహూర్తానికి ముందే అందాలి సుమండీ.”

పులుసు మాటకు హైమ మొహం చూడాలి.

ఆవిడ వెళ్లాక చెప్పాను. “నీ గీతలు ఒక్కటి కూడా తియ్యనమ్మా. కంచాలు మాత్రం ఆపేస్తాను.”

హైమ ఒక కంచం తీసి ఆ గుడ్డ పక్కన పెట్టి చూసుకుంది. వద్దంటుందనుకున్నాను. తలూపింది.

కార్ఖానాకు ఫోను చేసి రెండో విడత వద్దన్నాను. టేబుల్ కవర్లు అచ్చువేసేవాళ్ల నంబరు అడిగి రాసుకుంటుంటే వెనకనుంచి కేక వినిపించింది.

“నాన్నా, మెరుపు ఉండకూడదని చెప్పు! మెరిస్తే బాతిక్ చచ్చిపోతుంది!”

మెరవని ప్లాస్టిక్ కవరు మా బజారులో ఇంతవరకు ఎవరు కొన్నారో ఆ పిల్లే చెప్పాలి. నంబరు కలిసింది. “మెరుపు లేనివి ఉంటాయా అండీ?” అని అడిగాను.