ఫస్టు క్లాసు పిల్లకాయలు

ఎడమచేతి వేళ్ళతో చేపముక్కను తల వైపు నుంచి తోక వైపుకు నిమిరి, ముల్లు తగిలినచోట బొటనవేలు ఆపి, కుడిచేతి పట్టుకారుతో దాన్ని పట్టి, ఏటవాలుగా లాగి, పక్కనున్న ఉగ్గుగిన్నెలో వేసింది ఆదిశేషమ్మ. గిన్నెలో సగం దాకా నీళ్ళున్నాయి. ముల్లు వాటిల్లో తేలి, కాసేపు ఆలోచించుకుని, అడుక్కి దిగింది. నిటారుగా లాగితే ముక్క చిరుగుతుంది. చిరిగిన ముక్క స్టాఫు క్యాంటీను పులుసులోకి పోతుంది. పంతొమ్మిదేళ్ళలో ఆమె క్యాంటీనుకు పంపిన ముక్కలు చాలా తక్కువ. అందుకని క్యాంటీను వాళ్ళకు ఆమెంటే కొంచెం కోపం కూడా ఉంది.

నాయుడుపేట దాటాక హైవే పక్కన రేకుల కప్పుతో ఉన్న ఆ పెద్ద వంటశాల నుంచి మద్రాసు ఎయిర్‌పోర్టుకు భోజనాలు పోతాయి. ఢిల్లీకీ బొంబాయికీ పోయే విమానాల్లో వెనక కూర్చున్న వందల మందికి ఏం పెడతారో ఆదిశేషమ్మకు పట్టదు. ఆమెకు సంబంధించింది ముందు సీట్లే. వాళ్ళకు మామిడికాయ పులుసులో పండుగప్ప ముక్క పెడతారు. ఆ ముక్కలో ముల్లు లేకుండా చూడటమే ఆమె ఉద్యోగం.

ఆమె పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. కాగితం టోపీ కింద జుట్టు, గుడ్డ కింద మూతి దాగిపోగా కనిపించేవి కళ్ళూ, ఎర్రరాయి ముక్కుపుడకా. ఏళ్ళ తరబడి ఒకే వైపు వంగి కూర్చోవడం వల్ల కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. మిగతా వాళ్ళందరూ మందపాటి తొడుగులు వేసుకుంటే, ఆమె మాత్రం డాక్టర్లు వేసుకునే సన్న తొడుగులు తెప్పించుకుంటుంది. మందపాటివి ఇచ్చిన మొదటిరోజే, "కళ్ళకు గంతలు కట్టి దోవ చూడమంటే ఎట్టా సారూ?" అని వెనక్కి ఇచ్చేసింది.

ఉగ్గుగిన్నె ఆమెదే. పెళ్ళయిన ఏడాది, పుట్టబోయే బిడ్డకు ఉగ్గు పెట్టేందుకని తల్లి కొనిచ్చిన స్టీలు గిన్నె అది. పిల్లలు పుట్టలేదు. గిన్నె మాత్రం పుట్టింటి నుంచి అత్తగారింటికీ, మొగుడు పోలేరయ్య జ్వరంతో పోయాక సరస్సు ఒడ్డు పాలెం నుంచి నాయుడుపేటకూ ఖాళీగానే ప్రయాణం చేసింది. బయటి గిన్నెలు లోపలికి తేకూడదని సూపర్‌వైజర్ సుధాకర్ మొదట అడ్డు చెప్పాడు. రోజూ మరగబెట్టి తెస్తానని ఒప్పించింది. నీళ్ళలో వేస్తే ముల్లు ఎగిరిపోదు, దాని ముక్కు విరిగిందో లేదో కూడా కనిపిస్తుంది. విరిగితే మిగిలిన ముక్క చేపలోనే ఉన్నట్టు.

ఆ సుధాకరే మొదటిరోజు ఆమెకు పని చెప్పాడు. "ఇవి ఫస్టు క్లాసు వాళ్ళకు. ఒక్క ముల్లు కూడా ఉండకూడదు" అన్నాడు. ఆదిశేషమ్మకు ఎంత తెలుసో అంత అర్థమైంది. ఫస్టు క్లాసంటే ఒకటో తరగతి. ఆరేళ్ళ పిల్లకాయలు. ముల్లు ఉమ్మటం రాదు, పాపం! అమ్మనీ నాయననీ వదిలి విమానమెక్కి ఏ దేశపు బడికి పోతున్నారో! ఏడాదిన్నర పాటు ఆమె ఆ పిల్లకాయల కోసమే పనిచేసింది. పొట్ట వైపు మెత్తటి ముక్కలు ఏరి వాళ్ళకు పెట్టింది. చివరికి ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

"పిల్లకాయలకు ఇంత కారమెందుకు సారూ? తగ్గించమని చెప్పకూడదా?"

"ఏ పిల్లకాయలు?"

"ఫస్టు క్లాసు పిల్లకాయలే."

వంటశాల వారం రోజులు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వి, "యాభయ్యేళ్ళొచ్చినా ముల్లు ఉమ్మటం రాకపోతే పిల్లకాయలు కాక ఇంకేమంటారు?" అని తేల్చేసింది. ఆ పేరే నిలిచిపోయింది. రోజూ పొద్దున సుధాకర్ లెక్క చెప్పేటప్పుడు కూడా, "పిల్లకాయలు ఇయ్యాళ పదహారు" అనే అంటాడు. సూటుబూట్ల పెద్దమనుషులని తెలిశాక కూడా ఆమె వేళ్ళు వాళ్ళను పెద్దవాళ్ళుగా ఒప్పుకోలేదు.

"అక్కా, రత్తం!"

మామిడికాయ ముక్కలు తెచ్చిన కామమ్మ అరిచింది. ఆదిశేషమ్మ చూసుకుంది. ఎడమచేతి బొటనవేలి తొడుగు లోపల ఎర్రగా ఉంది. ముల్లు ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకు తెలియలేదు.

"ఈ చలిగదిలో ఏం తెలిసి చస్తుంది మే?" అంది. ఆ ముక్క తీసి చెత్తలో వేసి దాని బదులు ఇంకోటి పెట్టింది, వేలికి కట్టు కట్టుకుంది, తొడుగు మార్చుకుంది.

కారణం చలి కాదని ఆమెకు తెలుసు. పోయిన నెల వేడి టీ గ్లాసును కామమ్మ కేకేసేదాకా పట్టుకునే ఉంది. ఆమెకు షుగరుంది; అది మొదట కాళ్ళకూ వేళ్ళకూ తిమ్మిరి తెస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. తెలిసిన సంగతిని తెలియనట్టు పక్కన పెట్టడం ఆమెకు అలవాటు లేదు, కాబట్టి అది సరిగ్గా కుదరలేదు. ఆనాటి పదహారు ముక్కల్నీ రెండోసారి నిమిరింది. ఏమీ తగల్లేదు. కాగితం మీద 'ముళ్ళు లేవు' అన్న గడిలో ఎప్పటిలా సంతకం బదులు 'ఆ' అని రాసింది. ముక్కలు ఉడికి, చల్లబడి, ట్రేలకెక్కాయి. సాయంత్రం అయిదింటికి వాటిని వ్యాన్లో పంపుతారు.

ఆరోజు కామమ్మ మనవరాలికి తొలి చేపముద్ద. వీళ్ళిద్దరిదీ ఒకటే పాలెం. ఆ పాలెంలో ఏ బిడ్డకైనా మొదటిసారి చేప పెట్టేటప్పుడు చెయ్యి నమ్మకమైన ఆడమనిషిని పిలుస్తారు. ముప్పయ్యేళ్ళుగా ఆ చెయ్యి ఆదిశేషమ్మదే. తనకు పిల్లల్లేరని ఎవరైనా జాలిపడితే, "పాలెంలో సగం మంది నా చేతి ముద్ద తిన్నోళ్ళే, నీకెంతమంది?" అని ఎదురడిగేది. ఆ మాటలో గర్వం ఉంది, నొప్పి కూడా ఉంది. రెండూ ఆమెవే.

మధ్యాహ్నం పని దిగి ఇద్దరూ వంటశాల వెనక వీధిలోని కామమ్మ ఇంటికి నడిచి పోయారు. కామమ్మ కూతురు రోజా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆదిశేషమ్మ చేతులు కడుక్కుని, కట్టులేని కుడిచేత్తో చేప విడదీసి, ముళ్ళు తీసి, అన్నంలో మెదిపి గోళీకాయంత ముద్ద చేసింది. ఆఖరున చేయాల్సిన పని ఒకటుంది. ముద్దను తన కింది పెదవికి ఆనించి ఒక్కసారి దొర్లించాలి. "వేలు అబద్ధమాడినా పెదవి ఆడదే" అనేది వాళ్ళమ్మ. ఇన్నేళ్ళలో పెదవికి ఎప్పుడూ ఏమీ దొరకలేదు కాబట్టి అది ఒట్టి ఆచారంగానే మిగిలిపోయింది.

ముద్ద పెదవి మీద దొర్లింది. సన్నగా గుచ్చుకుంది.

బిడ్డ నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. ఆదిశేషమ్మ ముద్దను పక్కన పెట్టింది. తడి లేని కళ్ళతో తన చేతిని చాలాసేపు చూసుకుంది. ఆమె భయం ఈ బిడ్డ గురించి కాదు.

"ఏందక్కా?" అంది కామమ్మ.

"రోజా, నువ్వే పెట్టు. ముద్ద పెదివి మీద దొర్లించి చూసి పెట్టు. నీ పెదివికి తగలనిది దాని గొంతుకు తగలదు. టయిమెంతయింది మే?"

"నాలుగవతా ఉంది. అన్నం తినకుండా యాడికి పోతావు?"

"పిల్లకాయలు పదహారు మందుండారు" అని చెప్పులేసుకుంది.

వంటశాలలో ఆమె చెప్పిందంతా సుధాకర్ గడియారం చూసుకుంటూ విన్నాడు. ట్రేలు ఆపితే ఎయిర్‌పోర్టుకు ఫోను చేయాలి, చేప బదులు కోడి సర్దాలి, పై వాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. అతను చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు.

"రెండుసార్లు చూసినావు గదా. పంతొమ్మిదేళ్ళలో ఒక్క కంప్లైంటు రాలేదు."

"వచ్చేదాకా ఉండకూడదనే వచ్చినా సారూ. నా వేళ్ళు నాకు చెప్పడం మానేసినాయి."

"అనుమానంతో పదహారు ట్రేలు ఎట్టా పారేస్తాం?"

ఆమె ఎప్పుడూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలిచింది.

"పిల్లకాయలు, సుధాకరూ."

అతను ఎయిర్‌పోర్టుకు ఫోను చేశాడు. ట్రేలు దింపించాడు.

పారేసే ముక్కలే కనక ఆదిశేషమ్మ మూతిగుడ్డ కిందికి లాక్కుని, పులుసు తుడిచిన ఒక్కో ముక్కనూ విప్పి, పెదవికి ఆనించి, పక్కన పెట్టింది. అయిదు. ఎనిమిది. పన్నెండు. సుధాకర్ ముఖంలో, నేను చెప్పలేదా అన్న ధీమా వచ్చేసింది. పదమూడో ముక్క దగ్గర ఆమె ఆగింది. ముక్కను అతని ముందు పెట్టి వేలితో చోటు చూపించింది. సుధాకర్ తన వేళ్ళతో వెతికాడు. గోరంత ముల్లు బయటికొచ్చింది. అతను దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. ఎక్కడ వెయ్యాలో తోచక, ఆమె అలవాటు ప్రకారం, ఆమె వెంట తెచ్చి బల్ల మీద పెట్టిన ఉగ్గుగిన్నెలో నీళ్ళు పోసి అందులో వేశాడు.

"ఇది మనిద్దరికే తెలుసు" అన్నాడు మెల్లగా. "మందులేసుకో. నాల్రోజులుండి రా. లేదంటే మామిడికాయలు తరిగేకాడ కూర్చో."

"తెలియని వేళ్ళను కత్తి కింద పెట్టమంటావా? పులుసులో చేప చాల్లే, నా వేళ్ళెందుకు?" ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. "వచ్చేదానికి నేనొస్తానబ్బయా. వేళ్ళు రావు."

కాగితం అడిగి తీసుకుని, పొద్దున తాను రాసిన 'ఆ' మీద అడ్డంగా గీత గీసింది. ఏప్రాను మడిచి బల్ల మీద పెట్టింది. తలకాయ ఎత్తుకునే బయటికి నడిచి, హైవే మీద చెయ్యెత్తి, పాలెం వైపు పోయే ఆటో ఎక్కింది. ముందు సీట్లో చోటున్నా, వెనకే కూర్చుంది.

మర్నాడు పొద్దున సుధాకర్ చలిగదిలోకి వస్తూనే, "పిల్లకాయలు ఇయ్యాళ పన్నెండు" అన్నాడు. మామిడికాయ ముక్కల పళ్ళెంతో కామమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. బల్ల మీద ఉగ్గుగిన్నె పెట్టినచోటే ఉంది. నీళ్ళ అడుగున ఒకే ఒక్క ముల్లు, ముక్కు విరక్కుండా, పూర్తిగా ఉంది.