మార్క్ తినని బిర్యానీ

పర్చూరులో వీరబాబు నడిపే జిమ్ములో జెస్సీ చేరిందని తెలిసి, ఆమె పనిచేసే హైస్కూలు స్టాఫ్‌రూములో వారం రోజులు అదే కబురు. సొంత తమ్ముణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసినవాడి గుమ్మం ఏ అక్కైనా తొక్కుతుందా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. జెస్సీ నవ్వి ఊరుకుంది. పాము పగ గురించి లోకమంతా చెప్పుకుంటుందిగానీ, పిల్లలకి సైన్సు చెప్పే టీచరమ్మ పగ ఎలా ఉంటుందో ఇంకా ఎవరూ చూడలేదు.

తమ్ముడు మార్క్ కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు మోసేవాడు. కాయలు దట్టించి కుట్టిన ఆ గోనె బస్తాని వీపున వేసుకుని మెట్లెక్కుతుంటే, వాడి భుజాలు చూడ్డానికి దారినపోయేవాళ్లు ఆగేవాళ్లు. వీరబాబు కూడా అలాగే ఆగాడు. దేవుడిచ్చిన ఒళ్లురా ఇది, పైనున్న కొవ్వు కాస్త కరిగిస్తే జిల్లా కండల పోటీలో నీ ముందు ఎవడూ నిలవడు అని ఊరించాడు. అన్నం మానిపించాడు. గుడ్డూ మాంసమూ కూడా వద్దన్నాడు. ఉడికించిన కూరగాయలు, పల్చటి మజ్జిగ, వాటితోపాటు తన షాపులో అమ్మే అమైనో పొడి మూడు పూటలా నీళ్లలో కలుపుకుని తాగమన్నాడు.

తిండి తగ్గించినప్పుడు ఒళ్లు కొవ్వుతో సరిపెట్టుకోదు. వంటచెరుకు చాలక ఇంటి వాసాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టు, కండనీ కరిగించుకు తింటుంది. అలా కాకూడదంటే బరువులెత్తుతూ ఉండాలి, కండకి కావలసిన అమైనో ఆమ్లాలు లోపలికి పోతూ ఉండాలి. ఇంతవరకూ వీరబాబు చెప్పింది నిజమే. అబద్ధమంతా ఆ పొడి డబ్బాలో ఉంది.

పోటీ నాటికి మార్క్ కందికట్టెలా అయ్యాడు. స్టేజీ మీద చేతులెత్తబోయి వణికాడు. నిర్వాహకుడు వీరబాబే కాబట్టి మైకు అతని చేతిలోనే ఉంది. తన పొడికి చెడ్డపేరు వస్తుందనుకున్నాడేమో, క్షణం కూడా ఆలోచించకుండా అన్నాడు.

"నోరు కట్టుకోలేనివాడికి నేను ఎంత మందు పోసినా కండ నిలవదండీ. రాత్రిళ్లు దొంగచాటుగా బిర్యానీ మెక్కుతున్నాడు వీడు. వీళ్లింతే."

జనం నవ్వారు. 'వీళ్లు' అంటే ఎవరో అక్కడ అందరికీ తెలుసు. అయినా జెస్సీని కోసేసింది ఆ మాట కాదు. తల్లి కోటిరత్నం ఆ బిర్యానీ కథని నమ్మేసింది. చిన్నప్పుడు మార్క్ చర్చిలో ప్రేమవిందు వండుతుంటే గిన్నెలోంచి ముక్కలు ఎత్తుకుపోయేవాడు. ఆ సంగతి తల్చుకుని, నిప్పులేనిదే పొగ రాదుగా అంది. డబ్బాలో అడుగున మిగిలిన పొడిమీద జెస్సీ స్కూలు ల్యాబులోంచి తెచ్చిన అయోడిన్ చుక్క వేసి చూపించింది. పొడి సిరాలా నల్లబడింది. పిండి ఉంటేనే అలా అవుతుందని ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు. కోటిరత్నం మాత్రం, మీ సైన్సులో దేనికైనా రంగు మారుద్దిలే అని కొట్టిపారేసింది.

మార్క్‌కి మళ్లీ బస్తా వీపుకెత్తుకునే బలం రాలేదు. నూలు మిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు. చర్చిలో పాడటం మానేశాడు. ఇంట్లో పళ్లెం గోడవైపు తిప్పుకుని, ఎవరికీ కనపడకుండా అన్నం తినేవాడు. ఆ వీపు చూసిన ప్రతిసారీ జెస్సీకి ఆ మైకే గుర్తొచ్చేది. కేసు పెడితే వీరబాబు ఎవరి కాళ్లో పట్టుకుని మళ్లీ కొట్టు తెరుస్తాడు. ఆమెకి కావలసింది అది కాదు. అదే నోటితో, అదే మైకులో, అమ్మ వింటుండగా వాడే నిజం చెప్పాలి.

ఆ ఏడు వీరబాబుకి పొట్ట వచ్చింది. జిమ్ము ఓనరుకే పొట్టేమిటని కుర్రాళ్లు వెనకాల నవ్వుతున్నారని తెలిసి పౌరుషం పొడుచుకొచ్చింది. వేసవిలోపు కొవ్వు కరిగించి కండ నిలిపే పోటీ పెట్టాడు. అందరికంటే ముందు తన పేరే రాసుకున్నాడు. జెస్సీ కూడా చేరతానంటే పళ్లికిలించాడు. మార్క్ అక్కే వచ్చి తన జిమ్ములో చేరిందంటే అంతకంటే ప్రచారం ఏముంటుంది?

మొదటిరోజు విజయవాడ నుంచి ఒక మిషను తెప్పించారు. దానిమీద చెప్పుల్లేకుండా నిలబడి, రెండు పిడులు పట్టుకుంటే ఒంట్లో కొవ్వెంతో కండెంతో తెరమీద చూపిస్తుంది. అదెలా కనిపెడుతుందని జెస్సీ అడిగింది. ఒంట్లోకి సన్నగా కరెంటు పంపుతుందనీ, కండలో నీరుంటుంది కాబట్టి కరెంటు సాఫీగా పోతుందనీ, కొవ్వు దగ్గర అడ్డం పడుతుందనీ ఆపరేటరు చెప్పాడు. అందరూ విన్నారు. వీరబాబు ఆ సమయంలో ఫొటో దిగుతున్నాడు. జెస్సీకి ఆ నిమిషమే దారి దొరికింది.

ఆ తర్వాత ఆమె నోరు కట్టుకుని, బుద్ధిగా బరువులెత్తింది. అన్నం పిడికెడే. గుడ్లు, సెనగలు, కొత్తపట్నం నుంచి వచ్చే చేపలు మాత్రం వదల్లేదు. డాక్టరుని అడిగి, గుంటూరు నుంచి అసలైన అమైనో పొడి తెప్పించుకుని తాగింది. వీరబాబు తన పొడి తాను తాగడు, అందులో ఏముందో తెలుసు కనక. అసలుది కొనుక్కోవాలన్న ఆలోచన కూడా రాలేదు. తాతల నాటినుంచి మిర్చి కమీషన్ కొట్టు వాళ్లది. కాయని చెవి దగ్గర ఆడించి, గింజ గలగలమంటే సరుకు మంచిదని చెప్పే ఇంట్లో పుట్టాడు. అతని దృష్టిలో ఒళ్లన్నా కాటామీది సరుకే. చివరి వారం అందరి ముందూ సిద్ధాంతం చెప్పాడు. మిర్చయినా మనిషయినా ఒకటే, తేమ పోతేనే అసలు సరుకు బయటపడుద్ది.

"నిజమేనండీ, మీకు తెలియందేముంది," అంది జెస్సీ. ఆ మాట అన్నందుకు ఆమె ఎప్పుడూ బాధపడలేదు.

ఇక వీరబాబు నీళ్లు మానేశాడు. చలికోటు తొడుక్కుని, మిట్టమధ్యాహ్నం తమ మిర్చి కల్లంలో కాయల పక్కన తనూ ఆరాడు. కూలీలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

పోటీ చివరిరోజు సాయంత్రం జెస్సీ తల్లిని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. మార్క్ రానన్నాడు. చివరికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మిషనెక్కిన జెస్సీకి కొవ్వు బాగా తగ్గింది, కండ ఉన్నదున్నట్టే ఉంది. చప్పట్లు కొట్టారు. తర్వాత వీరబాబు ఎక్కాడు. బరువు ఎంతో దిగింది. దాని కిందే, కొవ్వు శాతం మొదటిరోజు కంటే పెరిగిందనీ కండ బాగా జారిపోయిందనీ తెర చూపించింది. మిషను పాడైందని వీరబాబు కేకేశాడు. నీళ్లు తాగకపోతే ఉన్న కండని కూడా మిషను తక్కువే చూపిస్తుందండీ, కండలో నీరుంటేనే కరెంటు సాఫీగా పోతుందని మొదటిరోజే చెప్పానుగా అన్నాడు ఆపరేటరు. జనం ఈలలేశారు.

వీరబాబు ఏదో అనబోయాడు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. పిక్కలు కొంకర్లు పోయి స్టేజీ మీదే కూలబడ్డాడు. నీళ్లు, నీళ్లు అని చెయ్యి చాపాడు. నీళ్ల సీసా జెస్సీ చేతిలో ఉంది. ఆమె అతని పక్కన కూర్చుని, సీసా కాకుండా మైకు నోటి దగ్గర పెట్టింది.

"మార్క్ ఆ రోజుల్లో ఏం తిన్నాడో చెప్పండి వీరబాబు గారూ. తర్వాత తాగుదురుగాని."

ఎవరో నీళ్లివ్వమని అరిచారు. ఆమె వినలేదు. అతని ఎండిన పెదాలు చూస్తుంటే ఆమెకి జాలి రాలేదు, హాయిగా ఉంది.

"ఏం తిన్లేదు," అన్నాడు వీరబాబు. "బిర్యానీ నేను కల్పించిందే. డబ్బాల్లో... బియ్యప్పిండి కలిపాను. కుర్రాడు నే చెప్పినట్టే ఉన్నాడు."

మైకులో ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది. జెస్సీ అప్పుడు సీసా మూత తీసి, గబగబా తాగొద్దని చెప్పి, కొంచెం కొంచెంగా పోసింది. జిమ్ము కుర్రాళ్లు వచ్చి అతన్ని ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. ఎవరూ అయ్యో అనలేదు. ఇన్నాళ్ల పగ తీరింది కదా అనుకుంటూ ఆమె స్టేజీ దిగింది.

కోటిరత్నం అప్పటికే గేటు దగ్గరకి వెళ్లి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదురా నాయనా?"

మార్క్ గొంతులో కోపం లేదు. "చెప్పానమ్మా. నీ కాళ్లు పట్టుకుని చెప్పాను. అబద్ధం చెప్తున్నానని, మోకాళ్లేసి క్షమాపణ ప్రార్థన చేయించావు."

ఆ సంగతి జెస్సీకి తెలియదు. కోటిరత్నం కళ్లు తిరిగినట్టై గోడకి ఆనుకుంది, గుక్కెడు నీళ్లియ్యవే అని కూతుర్ని అడిగింది. సీసాలో ఇంకా సగం నీళ్లున్నాయి. శత్రువుకి పోసిన ఆ చెయ్యి తల్లి వైపు లేవలేదు. మార్కే అక్క చేతిలోంచి సీసా తీసుకుని, తల్లి తల పట్టుకుని నీళ్లు తాగించాడు.