డాబా మీద పొగ

మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ నేనే. కంప్యూటర్ చదువు చదివినందుకు నైరోబీలో నాకు దక్కిన ఒకే ఒక్క పదవి. ఐదంతస్తుల పైన డాబా మీద అందరి బట్టలూ ఆరతాయి. బరాసా తాత సిగరెట్ కాల్చేదీ అక్కడే.

"మా బుజ్జిదాని గౌన్లన్నీ సిగరెట్ కంపే, మొరా! గ్రూపులో ఓటింగ్ పెడతావా, నన్నే వెళ్ళి ఆయన నెత్తిన బకెట్ కుమ్మరించమంటావా?" అంది పక్కింటి మామా టుమైని, అంటే టుమైని వాళ్ళమ్మ.

పెట్టాను. నేనూ నిషేధానికే వేశాను. నా ఇంటర్వ్యూ చొక్కా కూడా కంపు కొట్టింది మరి. నిషేధమే గెలిచింది.

చెప్పడానికి మా గోడ అవతలి గదికి వెళ్తే తాత గుమ్మంలోనే నవ్వాడు.

"రోడ్డు మీద కాలిస్తే పట్టుకుపోతారు. బార్లో కాలిస్తే గెంటేస్తారు. ఆఖరికి ఆకాశం కింద కూడా వద్దా తల్లీ?"

"బట్టలు తాతా..."

"సర్లే. నా అద్దె, నా గది, నా ఊపిరితిత్తులు. అక్కడ ఓటింగ్ పెట్టలేవుగా!"

ఆ గదిలోనే మనవరాలు నెకేసా ఉంటుంది. దానికి ఉబ్బసమని బిల్డింగంతటికీ తెలుసు. ఓటేసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాలేదు.

ఆ సాయంత్రమే గోడ అవతల దగ్గు మొదలైంది. లాప్‌టాప్ ముందు కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. పొయ్యి మీద మొక్కజొన్న పిండి ఉగాలి అడుగంటింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. దగ్గు వినపడకపోయేసరికి ఇంకా భయమేసి తీసేశాను.

పొద్దున్నకి దగ్గు కాస్తా పిల్లికూతలైంది. వెళ్ళి తలుపు బాదాను.

"తాతా, పైకి పద."

"మరి నీ చట్టం?"

"దాని ఊపిరి వినపడట్లేదా నీకు?"

"కిటికీ తీసే కాలుస్తున్నా" అని గొణిగాడు.

"అసలు మానెయ్యొచ్చుగా!"

"ఎన్నిసార్లు మానేశానో నీకేం తెలుసు?"

అయినా వచ్చాడు. పైన ఇంకా వెలిగించాడో లేదో, నా ఫోన్ మోగింది. 'డాబా మీద పొగ! అడ్మిన్ నిద్రపోతోందా?' పంపింది మామా టుమైని. ఉన్నది ఆరేసిన దుప్పటికి అవతలే. నోటినిండా క్లిప్పులు, అందుకే మెసేజ్.

"నేనే తీసుకొచ్చాను. ఓటింగ్ మళ్ళీ పెడతా" అన్నాను.

దుప్పటి పక్కకి జరిగింది. క్లిప్పులు చేతిలోకి వచ్చాయి. "నెకేసావే ఊపిరితిత్తులా? మా టుమైనివి కావా?"

మా బట్టల తీగ విప్పి, పొగ తగలకుండా గాలి వచ్చే వైపు మూలకి కట్టబోయాను. ఎంతకీ బిగుసుకోదే.

"ఇటివ్వు, చేతకానిదానా" అని లాక్కుంది. "తిన్నగా పట్టుకో. ఓటు మాత్రం మళ్ళీ నిషేధానికే వేస్తా, చెప్తున్నా."