సంచితో సహా

మా ఆఫీసు ఆవరణలో నాన్న నాటిన చెట్టు పడిపోయింది. తుఫానుకు పడి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. బట్టలు ఆరేసుకునే గాలికి పడిపోయింది!

నాన్న ఈ అటవీశాఖలోనే కొనుగోళ్ల అధికారిగా రిటైరయ్యారు. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. మొక్కలు పెంచడానికి నల్ల ప్లాస్టిక్ సంచులు మాన్పించి, మట్టిలో కరిగిపోయే సంచులు మొదట కొన్నది ఆయనే. సంచి చింపక్కర్లేదు, మొక్కతోపాటే పాతెయ్యండని జిల్లా అంతా తిరిగి చెప్పారు. ఆ ముచ్చట ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ వినిపించేవారు, అల్లుడికైతే వచ్చినప్పుడల్లా.

కబురు తెలియగానే నాన్న ఆదరాబాదరా వచ్చారు. పడ్డ చెట్టు మొదట్లో కూర్చుని, వేళ్లకంటిన మట్టిని చేత్తో రాల్చారు. లోపల సంచి ఉంది.

కరగడం దేవుడెరుగు, చిరగనైనా లేదు. దానిమీద ‘భూమికి నేస్తం’ అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు. వేళ్లన్నీ బయటికి దారి లేక లోపలే చుట్టలు చుట్టుకుని ఒకదాన్నొకటి నొక్కేసుకున్నాయి. అడుగు చిల్లుల్లోంచి రెండు మూడు మాత్రం తప్పించుకున్నాయి. ఇన్నేళ్లూ చెట్టు వాటిమీదే నిలబడిందన్నమాట.

“అన్నీ ఇలాగే నాటించాను కదమ్మా,” అన్నారు నాన్న. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

“మీరేం చేస్తారు నాన్నా? కంపెనీవాళ్లు సర్టిఫికెట్ ఇచ్చారుగా.”

“ఈ ఏడు నువ్వు కొన్న సంచులు పాతి చూశావా?”

“కరగడానికి ఆర్నెల్లు పడుతుందన్నారు. ఈలోగా వానలు వెళ్లిపోతాయని...”

“నాకూ అదే చెప్పారు.”

ఆయన్ని చూసి జాలిపడుతున్నదాన్ని, ఆయన చేసిన పనే మక్కీకి మక్కీ చేశాను! కొండమీద ఆ సంచుల మొక్కల నాట్లు ఆ పొద్దుటే మొదలు. గబగబా అక్కడి రేంజరుకు ఫోన్ చేశాను.

“సంచులు చింపి నాటించండి!”

“ఇప్పుడా మేడమ్? ఇటువైపు కొండంతా అయిపోయింది. చింపొద్దని మీరేగా ఆర్డరేశారు?”

నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది. “ఆపేయండి. నాటినవన్నీ పైకి తీయించండి. పైవాళ్లు అడిగితే నా పేరు చెప్పండి. వస్తున్నాను.”

నాన్న నాకంటే ముందే కారెక్కి కూర్చున్నారు.

“ముందు నావి తీద్దాం నాన్నా,” అన్నాను.

ఆయనవి జిల్లా అంతటా ఉన్నాయి. దారి పొడుగునా వాటి మాట ఇద్దరం ఎత్తలేదు.