తగ్గిందనుకున్నది

అయినా రిపోర్టులో తక్కువని ఉంటే మంచిదనే కదా ఎవరైనా అనుకునేది, చక్కెర తగ్గితే మంచిది, బీపీ తగ్గితే మంచిది, కొవ్వు తగ్గితే కమలాపురం డాక్టరు మెచ్చుకుని మరీ పంపుతాడు, మరి ఈ సి3, సి4 అనే మాయదారివి మాత్రం తగ్గకూడదని ఎవరు చెప్పొచ్చారు, కర్నూలు ఆసుపత్రి వరండాలో గోడకానుకుని సుబ్బలక్ష్మమ్మ ఈ ఒక్క మాటనే చింతపండు పిసికినట్టు పిసుకుతోంది, లోపల మంచం మీద కోడలు హర్షిణి, కాళ్లు ఎంత వాచాయంటే మెట్టెలు తీయడానికి నర్సు సబ్బు నురగ పూయాల్సి వచ్చింది, లూపస్ కిడ్నీలకు పాకిందట, గట్టెక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేరట, కొడుకు భూపేష్ మందులకని పరుగెత్తాడు, పోతూ పోతూ తల్లి మొహం చూడలేదు, చూడకపోవడమే మేలు.

డాక్టరమ్మ ఎంత మెల్లగా చెప్పింది, ఈ జబ్బులో ఒళ్లు తన మీద తానే తిరగబడుతుంది పెద్దమ్మా, ఈ సి3, సి4 అనేవి క్రిములొస్తే ముందుగా అడ్డుకునే ప్రోటీన్లు, రక్తంలో ఉంటాయి, ఈ కొట్లాటలో అవి ఖర్చయిపోతాయి, అవి తగ్గాయంటే జబ్బు రేగిందని లెక్క, అని, సుబ్బలక్ష్మమ్మ తలూపింది, తలూపుతూంటే గంగమ్మ జాతర కళ్లముందుకొచ్చింది, జాతరకు ముందు, సి3, సి4 రెండూ తక్కువుండాయి మా అని భూపేష్ రిపోర్టు చదవడం ఆలస్యం వీధంతా చాటింది, మా కోడలికి తగ్గిపాయ, ఇంక ఆ మాత్రలెందుకు పాపా, మొగం ఎట్ల ఉబ్బిందో చూసుకో, ఆపేయ్, అని ఆపించింది, అంతటితో ఊరుకుందా మహాతల్లి, మొక్కు తీర్చాలని నెత్తిన బోనం పెట్టించి చెప్పుల్లేకుండా మిట్టమధ్యాహ్నం నడిపించింది, ఎండ తగలగూడదన్నారు అత్తా అంటే, అమ్మవారి పని మీద పోతే ఎండేం చేస్తాదిలే అంది, పొంగలి పొంగేదాకా పొయ్యి ముందు కూర్చోబెట్టింది, బుగ్గల మీద ఎర్రగా లేచిన మచ్చ చూసి పక్కింటి నాగలతతో, అమ్మవారి కళ వచ్చిండాది చూడు, అని మురిసిపోయింది, అబ్బ, ఆ మాట తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తోంది.

మాత్రలు ఎన్నాళ్లు మానిందో సరిగ్గా తెలిస్తేనే మందు మోతాదు తేలుతుందని ఇందాక డాక్టరమ్మ అంటే, హర్షిణి దుప్పటి అంచు చూస్తూ, మొన్నొకసారి మర్చిపోయినా మేడం, అంతే, అంది, జాతర ముందు నుంచీ ఒక్కటీ మింగలేదని అత్తకు తెలుసు, పిలవని పంచాయితీకి పోయి పదిమంది నోళ్లు మూయించే మనిషి, పక్కనే నిలబడి ఒక్క మాట అనలేదు, పైగా హమ్మయ్య అనుకుంది, అనుకుంది కదా, ఎవరికీ వినపడలేదు గానీ తనకు తెలియదూ, థూ, ఏం బతుకిది, చదువు రానిదాన్ని, తెలియక చేసినా, అని సర్దుకోబోయింది, తెలియక.

తెలియక ఏంది, ఆ రోజు వంటింట్లో చెనిక్కాయలు వొలుస్తూ పిల్ల చెప్పనే చెప్పింది, అత్తా, ఇది షుగరు మాదిరి కాదు, తగ్గితే మంచిది కాదంట, డాక్టరమ్మకు ఒకతూరి ఫోన్ చేసి అడుగుదామా, అని, తను చేట పక్కన పడేసి, ఏమి, నాకు చెప్తాండావా, నువ్వు పుట్టకముందు నుంచి మాత్రలు మింగుతాండా నేను, అంది, పిల్ల తల వంచుకుని మళ్లీ కాయలు వొలవసాగింది, ఆ సంగతి ఇంతసేపూ ఎక్కడ దాక్కుందో, డాక్టరమ్మ మళ్లీ లోపలికి పోతుంటే సుబ్బలక్ష్మమ్మ లేచి వెనకే వెళ్లింది, అత్త గుమ్మంలో కనపడగానే హర్షిణి ఉలిక్కిపడి, చాపిన కాళ్లు ముడుచుకోబోయింది, వాచిన మోకాళ్లు వంగక మూలుగుతూ, చేత్తో పట్టి మరీ లాక్కోబోయింది, పెద్దల ముందు కాళ్లు చాపదు, మా కోడలు బంగారం, అని తను ఊరంతా చెప్పుకునేది దీని గురించే, ఇది మర్యాద కాదు, ఈ పిల్లకు చావు కన్నా నేనంటేనే ఎక్కువ భయం, అని సుబ్బలక్ష్మమ్మకు అప్పుడర్థమైంది, ఒద్దు పాపా, కాళ్లు చాపుకో, అని, డాక్టరమ్మ వైపు తిరిగి, ఆ పిల్ల మర్చిపోలేదమ్మా, జాతర ముందు నుంచి నేనే మాన్పించినా, వద్దని చెప్పింది, నేనే వినలేదు, అంది.