నూకరత్నం మునుం

టీవీలో ఉన్న నూకరత్నం నిన్నటికీ ఇవాళ్టికీ రెండడుగులు వెనక్కి వచ్చింది. గవర్రాజు అద్దం మీద చెయ్యి పెట్టి కొలుస్తాడు. నిన్న ఆమె వీపు అరజాన ఉంది. ఇవాళ నిండు జాన.

అది ఫోటో, కదలకూడదు. కానీ నాట్లు వేసేవాళ్లు వెనక్కే కదా నడుస్తారు అనుకుని, ఆయన చుట్ట ఆర్పి మళ్లీ కొలుస్తాడు.

ఆ నాట్ల ఫోటో మేనకోడలు వీరవేణి ఆరేళ్ల కిందట తన డిజిటల్ కెమెరాతో తీసింది. మొన్న మంగళవారం ఆ కెమెరాని వైరుతో కొత్త టీవీకి తగిలించింది. "హెచ్‌డీ మావయ్యా ఇది. చీమ కాలికంటిన బురద కూడా కనబడుద్ది" అంది. నిజమే. నూకరత్నం మడమల పగుళ్లు కనబడుతున్నాయి. జాకెట్టుకి వేసిన అతుకూ, ఆ అతుకు దారం రంగూ కనబడుతున్నాయి. మొహం ఒక్కటే కనబడదు. వంగి అటు తిరిగి ఉంది.

భార్య పోయి నాలుగేళ్లు. ఈ ఎండాకాలం నుంచి గవర్రాజుకి ఆ మొహం గుర్తు రావడం లేదు. గొంతు గుర్తొస్తుంది, నడక గుర్తొస్తుంది, మొహం దగ్గరికొచ్చేసరికి తుడిచేసిన పలక. ఆధార్ కార్డులో ఉన్న మొహం ఎవరిదైనా కావచ్చు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారానికి ఫోటోలో ఉన్న మిగతా అయిదుగురు ఆడవాళ్లూ ఎవరి మునుం వాళ్లు, అంటే ఎవరి వంతు బారు వాళ్లు, ముగించుకుని వెళ్లిపోయారు. నూకరత్నం చేతిలో అరకట్ట నారు మిగిలింది.

"నారు అయిపోతే గట్టెక్కేసుద్ది" అంటాడు గవర్రాజు.

"ఎక్కనీ. కాళ్లు నానిపోయుంటాయి అత్తయ్యకి" అంటుంది వీరవేణి, బియ్యం చెరుగుతూ.

"గట్టు ఫోటోలో లేదే అమ్మడూ."

వీరవేణి చేట కింద పెట్టి టీవీ కేసి చూస్తుంది. "అయితే నారు అందించు. మగాళ్ల పనే కదా అది. చూస్తా కూర్చున్నావేంటి?"

గవర్రాజు నారుమడికి వెళ్లి, నారు పీకి, కట్టలు కట్టి తెస్తాడు. మొదటి కట్ట టీవీలోకి విసురుతాడు. అది ఆమె వెనక నాలుగడుగుల అవతల నీళ్లలో పడుతుంది.

"ఎప్పుడూ ఇంతే. చేతికందేలా ఇసరవు కదా" అంటుంది నూకరత్నం, తల ఎత్తకుండా.

"ఓసారి ఇటు తిరగవే."

"మునుం మధ్యలో నడుం ఎత్తితే మళ్లీ వంగదు. ఆగు."

సాయంత్రానికి ఆమె మడమ అద్దానికి ఆనుతుంది. వీరవేణి నేల చూపిస్తుంది. "టైల్స్ మీద ఎలా నాటుద్ది, పాపం?" గవర్రాజు గునపం తెచ్చి టైల్స్ లేపుతాడు. వీరవేణి మంచం వీధిలో వేస్తుంది. తలుపు తీసి ఉంచితే కాలవ తనే లోపలికొస్తుంది. దాని వెంటే వచ్చిన ఎడ్లు ఫ్యాను తగలకుండా తలలు వంచుకుని, గదిలో నాలుగు చుట్లు తిరిగి, నేలని బురదగా తొక్కి దమ్ము చేసి పోతాయి.

మర్నాడు పొద్దున నూకరత్నం కుడికాలు టీవీలోంచి బురదలో దిగుతుంది. తర్వాత ఎడమ కాలు. తర్వాత వీపు. టీవీలో పచ్చని మడీ, ఒక కొంగా మిగులుతాయి.

ఆమె నాటుకుంటూ వెనక్కి వస్తోంది. వచ్చేకొద్దీ వెనక గోడ ఒద్దికగా జరుగుతోంది.

ఎదురుగా వెళ్తే మొహం చూడొచ్చు. కానీ ఎదురంతా అప్పుడే నాటిన మొక్క. దాన్ని తొక్కడం గవర్రాజు వల్ల కాదు. పంచె ఎగ్గట్టి, ఓ కట్ట తీసుకుని, ఆమె పక్కన వంగుతాడు.

"ఏవయ్యా, మగాడివి, నువ్వు నాటతావా? ఊళ్లో నవ్వుతారు."

"నవ్వనీ."

"గుత్తులు గుత్తులు గుచ్చకు. మూడేసి మొక్కలు చాలు. ఇదిగో, అప్పుడే వంకరపోయింది."

"నిన్ను చూసే నాటతన్నా."

"నన్ను కాదు. నీళ్లు చూడు."

గవర్రాజు నీళ్లు చూస్తాడు. బురద నీళ్లు మెల్లగా తేరుకుంటాయి. తన మొహం ఉండాల్సిన చోట నూకరత్నం మొహం ఉంది. ఎడమ కనుబొమ్మలో కొడవలి గాటు. ముక్కుపుడక కుట్టులో వేపపుల్ల. పక్కపన్ను మీద వక్క ఎరుపు. ఇదే. ఇదే మొహం. అది కిందనుంచి ఆయన్ని చూసి, ఎంతసేపయ్యా అన్నట్టు కళ్లెగరేస్తుంది.

ఆయన మూడు మొక్కలు గుచ్చుతాడు. అడుగునుంచి ఓ చెయ్యి వాటిని అందుకుని, మెత్తగా లాగి, అటువైపు మడిలో నిలబెడుతుంది. ఆయన ఇంకో మూడు అందిస్తాడు. ఆ చెయ్యి అవీ అందుకుంటుంది. నీళ్లకి అటువైపు, తలకిందులుగా, వరి అప్పుడే వెన్ను తీసి కంకులేస్తోంది.