వాగులోకి వేసిన పైపు

మందిరం లోపలి సిమెంటు తొట్టిలో బాప్తిస్మం తీసుకోమంటే మనవరాలు ససేమిరా అంది. వెనకనున్న వాగులోనే కావాలట. పంతొమ్మిదేళ్లు, అచ్చం వాళ్ల నాయనమ్మ మొండితనం. డెబ్బై ఆరేళ్ల ప్లంబరు తాతకు గుండెల్లో రాయి పడింది. అసలే గుండె జబ్బు మనిషి, ఆ పిల్ల బాప్తిస్మం చూడకుండానే కళ్లు మూస్తానేమోనని ఆయన దిగులు.

"ఆ మురుగులో దిగితే గజ్జి పట్టుకుంటుందే తల్లీ."

"నువ్వు అందులోనే తీసుకున్నావు కదా తాతయ్యా?"

"అప్పుడు అడుగున గులకరాళ్లు కనిపించేవే!"

"అవును, దేవుడు మనకి అలాగే ఇచ్చాడు. పాడుచేసిందెవరో కనుక్కుని రా. అప్పుడు తొట్టి సంగతి ఆలోచిద్దాం."

తాతకు రోషం పొడుచుకొచ్చింది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, కర్ర పట్టుకుని గట్టు వెంబడి నడిచాడు. ఏ ఫ్యాక్టరీ వాళ్లో దొరికిపోతారని ఆయన ధీమా. తీరా చూస్తే మందిరానికి ఎగువన నీళ్లు బాగానే ఉన్నాయి. మందిరం వెనక, పొదల కింద, ఒక పైపు నల్లగా కక్కుతోంది. దాని జాయింటుకు, నీళ్లు కారకుండా చుట్టే జనపనార రెండు చుట్లు ఎక్కువే చుట్టి ఉంది. అలా చుట్టే పిచ్చి ఊరు మొత్తంలో ఒక్కడికే ఉంది.

ముప్పై ఏళ్ల కిందట మందిరానికి మరుగుదొడ్లు కట్టినప్పుడు, దేవుని పని కదా అని ఉత్సాహంగా ఆ పైపు వేసింది తనే. పారే నీళ్లు, అన్నీ పట్టుకుపోతాయిలే అనుకున్నాడు. ఆ తెలివికి ముచ్చటపడి వీధిలో పదకొండు ఇళ్లవాళ్లు కూడా ఆయన చేతే వేయించుకున్నారు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు. తాత గట్టు మీద చతికిలబడి సిగ్గుతో ఏడ్చాడు.

ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళకు లేచాడు. ఆయన లేస్తే నడుంనొప్పి తగ్గిన కథేనని అందరికీ తెలుసు. ఇద్దరు ముగ్గురు ముందే స్తోత్రం అనేశారు.

"ఆగండి. ఆ వాగును చంపింది నేనే," అన్నాడు తాత. "దేవుడి ఇంటి మురుగును దేవుడి వాగులోకే వదిలాను. అదేదో సేవ అనుకున్నాను. క్షమించమని అడిగాను. అడిగి ఊరుకుంటే కుదరదు. రేపట్నుంచి తవ్వుతున్నాను."

పాస్టరు గారు బైబిలు మూసి, "నాకూ ఒక గడ్డపార చూడండి," అన్నారు.

మందిరం వెనక సెప్టిక్ ట్యాంకు కట్టారు. తాత కుర్చీలో కూర్చుని అందరి మీదా కేకలేస్తూ పని చేయించాడు. తర్వాత మీరూ ట్యాంకులు కట్టుకోండంటూ పదకొండు ఇళ్లూ తిరిగాడు. కాదన్నవాళ్ల గుమ్మంలో కదలకుండా కూర్చున్నాడు. గుండె జబ్బు మనిషిని గెంటే ధైర్యం ఎవరికుంది? ఆఖరి పైపుకు మూత బిగించాక రెండు వానాకాలాలు వాగును కడిగాయి. నీళ్లు పరీక్షించేవాళ్లు ఇక దిగొచ్చని కాగితం ఇచ్చారు. తాత దాన్ని కనబడ్డ ప్రతివాడికీ చదివి వినిపించి ప్రాణం తీశాడు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున సంఘమంతా గట్టు మీదే ఉంది. నడుము లోతు నీళ్లలో పాస్టరు గారు ఉన్నట్టుండి గంతేశారు. "చేపలండీ! కాళ్లు కొరుకుతున్నాయి!" గట్టంతా ఒకటే నవ్వు.

మనవరాలు నీళ్ల అంచున ఆగింది. "తాతయ్యా, నువ్వూ రా. ఒక పక్క నువ్వు పట్టుకో."

తాత చెప్పులు విడిచి దిగాడు. ఆయన చేతుల్లోంచే ఆ పిల్ల మునిగి, నీళ్లు కారుతూ, నవ్వుతూ లేచింది. గట్టు మీద పాట మిన్నంటింది. తాత సంతోషం పట్టలేక తనూ గొంతెత్తి పాడాడు.

పాస్టరు గారు ఆయన భుజం పట్టుకున్నారు. "మీ కోరిక తీరిందిగా, ఇక నిశ్చింతే."

"ఇది చూసి పోతే చాలనుకున్నానయ్యా," అన్నాడు తాత, వాగు వంక చూస్తూ. "ఇప్పుడు పోయే తీరికెక్కడిది? దిగువన ఇంకా బోలెడు పైపులున్నాయి."